మూతలు తీయని ట్యూబు

నా చిన్నప్పుడు కువైట్‌లో శుక్రవారం అంటే అందరికీ సెలవు, నాకు మాత్రం డీజిల్ వాసన. అమ్మ ఆస్పత్రిలో నర్సు. ఆమెకు సెలవు ఏ రోజు వస్తుందో ఆమెకే తెలియదు. నాన్న తెల్లవారకముందే మంగఫ్ దాటి ఎక్కడికో కంపెనీ బస్సులో షిఫ్టుకు వెళ్ళేవాడు. తొమ్మిదేళ్ళ పిల్లను ఒంటరిగా ఇంట్లో ఉంచలేక, అర్దియాలో మా పెద్దబాపు పనిచేసే గ్యారేజీలో వదిలేవారు. పెద్దబాపు అంటే నాన్నకు అన్న. జగిత్యాల దగ్గర పల్లె నుంచి వచ్చి, లారీల డీజిల్ ఇంజిన్లు బాగుచేసే పనిలో కుదిరాడు. గ్యారేజీ వెనక రేకుల గదిలోనే ఉండేవాడు.

ఆయన పని తీరు చూసి తోటివాళ్ళు నవ్వేవారు. ఇంజిన్ విప్పేముందు నేల మీద నీళ్ళు చల్లేవాడు, దుమ్ము లేవకుండా. ట్యాంకులోని డీజిల్ ముందు ఫిల్టరు గుండా పోతుంది, ఫిల్టరు నుంచి పంపుకు, పంపు నుంచి ఒక్కో ఇంజెక్టరుకు ఒక్కో సన్నని ఇనుప ట్యూబు ద్వారా పోతుంది. ఈ దారంతా నాకు గుణింతం నేర్పినట్టు నేర్పాడు. ఆ ట్యూబు ఒకటి విప్పగానే దాని రెండు చివర్లకూ రబ్బరు మూతలు తొడగాలి. అది నా ఉద్యోగం. "ఫిల్టరు దాటినంక కావలి లేదు బిడ్డా. మన చేతులే కావలి" అనేవాడు. ఇసుక రేణువు ఒక్కటి లోపలికి పోయినా ఇంజెక్టరు గొంతు పట్టుకుంటుందట. నేను ఆ మూతలు తొడుగుతూ, ఈ గ్యారేజీ అంతా నా మీదే నడుస్తోందన్నట్టు పోజు కొట్టేదాన్ని.

అది మండువేసవి. ఆ శుక్రవారం పొద్దున్నే ఒక నీళ్ళ ట్యాంకరు నల్లటి పొగ కక్కుతూ వచ్చింది. నడిపేది కడప వైపు ఆయన. ఇళ్ళకు మంచినీళ్ళు తోలేవాడు. ఎప్పుడు వచ్చినా నాకు ఖర్జూరాలు తెచ్చేవాడు. ఆ రోజు ఖాళీ చేతులతో దిగాడు, ముఖంలో నెత్తురు లేదు. బండి ఆ నెలలో ఆగడం అది మూడోసారి. శనివారం తెల్లవారేసరికి బండి రోడ్డు మీద లేకపోతే ఇక్కడ ఉండనిచ్చే ఇఖామా కాగితం రద్దు చేయించి ఇంటికి పంపేస్తానని, వీసా ఇచ్చి పనిలో పెట్టుకున్న కఫీల్ చెప్పేశాడట. బండి కఫీల్‌దే, ఈయన బతుకూ కఫీల్ చేతిలోనే.

పెద్దబాపు ఫిల్టరు మార్చాడు, డీజిల్ దారిలో చేరిన గాలి తీశాడు. చివరికి లోపం దొరికింది. ఒక ఇంజెక్టర్ ట్యూబు పగిలింది. కొత్తది కొందామంటే శుక్రవారం దుకాణాలు లేవు. అప్పుడు నా తెలివి మేల్కొంది. గోడకు వేలాడే పాత ట్యూబుల్లో అలాంటిదే ఒకటి వెతికి తెచ్చాను. నట్టు చక్కగా పట్టింది. డ్రైవరు కళ్ళలో వెలుగు చూసి నేను నేల మీద నిలవలేదు. పెద్దబాపు మాత్రం దాన్ని వేళ్ళతో తడిమి పక్కన పెట్టాడు.

"గిది వేరే బండిది తమ్మీ. నట్టు పడితె అయిపోలె. ఒక్క గంట ఆగు, అసలుది తెస్త" అన్నాడు.

ఎరిగిన స్క్రాప్ యార్డు ఒకటుంది, అక్కడి కావలివాడు తలుపు తీస్తాడని ఆశ. బయలుదేరుతూ ఆ పాత ట్యూబును నా ఒళ్ళో పెట్టి, తాను వచ్చేదాకా ఎవరికీ ఇవ్వొద్దని చెప్పాడు. బయట నిప్పులు చెరిగే ఎండ. తలకు తువ్వాలు చుట్టుకుని నడిచిపోయాడు.

అర గంట గడిచింది. డ్రైవరు బండి చుట్టూ తిరిగాడు, కూర్చున్నాడు, మళ్ళీ లేచాడు. నా ముందు గొంతుకూర్చుని జేబులోంచి ఒక ఫోటో తీశాడు. అందులో రెండు జడల పిల్ల.

"పాపా, నీ అంత కూతురుండాది నాకు. నేను ఇంటికి పోతే దాని బడి ఆగిపోతాది. ఒక్కసారి ఇయ్యమ్మా, బిగిచ్చి చూచ్చా" అన్నాడు. మాట పూర్తికాకముందే ఏడ్చాడు.

పెద్ద మగవాడు ఏడవడం నేను అంతకుముందు చూడలేదు. ఇచ్చేశాను. ఇవ్వడమే కాదు, అది మురికిగా ఉందని పక్కనున్న నూలు పీచుతో తుడిచి మరీ ఇచ్చాను. ఆ పీచు పోగులు ఎక్కడికి పోతాయో అందరికంటే బాగా తెలిసినదాన్ని నేనే. ట్యూబు కారుతుంటే ఆయన నట్టును ఇంకా ఇంకా బిగించాడు. కారడం ఆగింది, ఇంజిన్ పలికింది. నా తల నిమిరి, యల్లా అంటూ బండెక్కి వెళ్ళిపోయాడు. నేను చప్పట్లు కొట్టాను.

పెద్దబాపు తిరిగొచ్చేసరికి చొక్కా ఒంటికి అతుక్కుపోయింది. చేతిలో అసలు ట్యూబు. యార్డులో దొరికిందట, అక్కడే కడిగి, రెండు చివర్లకూ మూతలు కూడా తొడిగి తెచ్చాడు. ఖాళీ జాగా చూశాడు, నా ఖాళీ ఒడి చూశాడు. అలాగే వెనక్కి తిరిగి రోడ్డు మీదికి పరుగెత్తాడు, కానీ ట్యాంకరు ఎటు పోయిందో ఎవరికి తెలుసు. ఆ రోజుల్లో మా చేతుల్లో ఫోన్లు లేవు.

శనివారం మధ్యాహ్నం దారిలో ఆ ట్యూబు మళ్ళీ కారడం మొదలుపెట్టింది. ఇంజిన్ ఆపకుండా, ఎక్కడ కారుతోందో చూద్దామని డ్రైవరు వేలు పెట్టాడు. ఆ ట్యూబులో డీజిల్ వచ్చే ఒత్తిడికి సన్నని ధార చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది. పైకి చీమ కుట్టినంత గుర్తే కనిపిస్తుంది. ఆయన కూడా చీమ కుట్టినట్టే అనుకుని బండి తోలాడు. ఆదివారానికి చెయ్యి నల్లబడి వాచింది. అమ్మ పనిచేసే ఆస్పత్రికే తెచ్చారు. కుడిచేతి రెండు వేళ్ళు తీసేశారు. ఆ సంగతి అమ్మ ఇంటికొచ్చి నాన్నతో చెబుతుంటే, నేను గోడ వైపు తిరిగి నిద్రపోయినట్టు పడుకున్నాను.

కఫీల్ ఊరుకోలేదు. తన బండిలో వేరే బండి ట్యూబు ఎవరు పెట్టారని తేల్చడానికి గ్యారేజీ యజమానిని వెంటబెట్టుకుని ఆస్పత్రికి వెళ్ళాడు. డ్రైవరు, గ్యారేజీలో ఎవరూ లేనప్పుడు గోడ మీది నుంచి తానే తీసుకున్నానన్నాడు. తర్వాతి శుక్రవారం వాళ్ళిద్దరూ గ్యారేజీకి వచ్చారు. నేను అక్కడే ఉన్నాను, మూతల డబ్బా పట్టుకుని. పెద్దబాపు నా వైపు చూడకుండా, "నేనే ఇచ్చిన. నేనే బిగిచ్చిన" అన్నాడు. ఒకరికి తెలియకుండా ఒకరు, తొమ్మిదేళ్ళ పిల్ల పేరు బయటికి రాకూడదని, చెరో అబద్ధం చెప్పారు. ఆ రెండూ ఒకదానికొకటి అతకలేదు. ఇద్దరూ కలిసి ఏదో దొంగపని చేసి దాస్తున్నారని పెద్దలకు అనుమానం వచ్చింది. ఇద్దరికీ ఖలాస్, పని పోయింది, ఊరికి పొమ్మన్నారు. నేను నోరు విప్పలేదు. డబ్బా మాత్రం చేతిలోంచి జారి, మూతలన్నీ నేల మీద దొర్లాయి.

వెళ్ళిపోయే ముందు శుక్రవారం పెద్దబాపు నన్ను పిలిచాడు. నన్ను తిడతాడనుకున్నాను, తిడితే బాగుండేది. ట్యాంకరుకు కొత్తది వేస్తూ తీసిన ఆ పాత ట్యూబును, తాను తెచ్చిన అసలుదాన్నీ నా ముందు పెట్టి, చేతికి ఒక సన్న తీగ ఇచ్చాడు. పాతదాంట్లో తీగ దూరలేదు, దాని లోపలి రంధ్రం మరీ సన్నం. అసలుదాని మూతలు ఆయనే తీశాడు, ఇందులో సులువుగా దూరి అవతల తేలింది. బయటికి రెండూ కవల పిల్లల్లా ఉన్నాయి. పాతదాని మొనలో వంపు కూడా వేరని, అందుకే ఎంత బిగించినా నిలవలేదని వేలితో తడిమి చూపించాడు. మళ్ళీ మూతలు తొడిగి అసలు ట్యూబును నా చేతిలో పెట్టాడు.

"జాలి పడుడు తప్పు గాదు బిడ్డా. గని జాలికి తొందరెక్కువ. దాన్ని గంటసేపు కూసోబెట్టాలె" అన్నాడు.

అప్పుడు కూడా నేను, అసలు సంగతి నాన్నతో చెబుతానని అనలేదు. ఆయన చెప్పమనలేదు. ఊరెళ్ళి పొలంలో పంపుసెట్లు బాగుచేసుకుంటూ బతికాడు, కొన్నేళ్ళకు పోయాడు. డ్రైవరు సంగతి మళ్ళీ తెలియలేదు. రెండు జడల ఆ పిల్ల బడికి పోయిందో మానేసిందో తెలియదు. ఇన్నేళ్ళలో నన్ను ఎక్కువ బాధపెట్టింది ఆ పిల్లే.

ఇప్పుడు ఈ కువైట్‌లోనే, మహబూలాలో నా కొడుకు ఫ్లాటులో ఉంటున్నాను. ఎవరు ఏది అడిగినా గంట ఆగమంటానని కోడలు నన్ను గంటమ్మ అంటుంది. ఆలస్యం అమృతం విషం అని మనవడు నాకే నీతి చెబుతాడు. మొన్న పై అంతస్తు అబ్బాయి తలనొప్పికి నా బీపీ మాత్ర అడిగితే, వాడి డాక్టరును అడిగేదాకా ఇవ్వలేదు. ముసలిదానికి గుండె లేదని మెట్ల మీద అనుకుంటూ పోయాడు. అననీ.

ట్యూబు నా బీరువాలో చీరల కింద ఉంది. మూతలు గట్టిపడ్డాయి, నేను వాటిని ఎప్పుడూ తీయలేదు. ఎవరికైనా ఏదైనా ఇవ్వాలంటే ఒక గంట ఆగుతాను. నిజం చెప్పాల్సి వస్తే మాత్రం ఒక్క క్షణం కూడా ఆగను. ఆ వారం నేను ఈ రెండు పనులూ తిరగేసి చేశాను. ఇద్దరు మంచివాళ్ళు ఇంటిదారి పట్టారు, నేను ఇక్కడే మిగిలాను.