శ్రీమంతానికి ఇచ్చిన పుస్తకం

కానుకంటే చీరో, స్టీలు డబ్బానో అయ్యుండాలని ఎవరు రాసిపెట్టారో నాకు తెలియదు. నేను మాత్రం పుస్తకమే ఇచ్చేదాన్ని. కథల పుస్తకం కాదు, పనికొచ్చే పుస్తకం. ఇల్లు కట్టుకునేవాళ్ళకి కరెంటు పనుల గురించి, రొయ్యల చెరువు తవ్వించేవాళ్ళకి నీళ్ళ గురించి. "ఈవిడ పేరంటానికొస్తే పాఠం చెప్పి పోతుంది" అని తణుకులో మావాళ్ళు వెనకాల నవ్వుకునేవారు. నవ్వుకోనీ అనుకునేదాన్ని.

సెల్‌ఫోన్లు ఇంకా ఇంటింటికీ రాని రోజులు. మా అక్క కూతురికి ఏడో నెలలో అత్తవారింట్లోనే శ్రీమంతం చేశారు, ద్రాక్షారామం పక్క పల్లెలో. గాజులు తొడిగాక, గర్భిణుల కోసం ఒక డాక్టరమ్మ రాసిన పుస్తకం దాని చేతిలో పెట్టాను. అది అక్కడే తెరిచి చదవబోయింది. వాళ్ళ అత్తగారు వచ్చి మెల్లిగా లాగేసుకుంది.

"కడుపుతో ఉన్న పిల్ల జబ్బుల గురించి చదవకూడదండి వదినగారూ. పురుడు పోసుకున్నాక చదువుకుంటుందిలెండి," అని పుస్తకానికి పసుపు, కుంకుమ పెట్టి మరీ బీరువాలో దాచి తాళం వేసింది.

"జబ్బు రాకుండా చూసుకోడానికేనండి," అన్నాను.

"మేమంతా ఏ పుస్తకం చూసి కన్నామండి," అంది. పేరంటాళ్ళు నవ్వారు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. పిల్ల కాపురం చేసుకునే ఇల్లు కదా అని నోరు మూసుకున్నాను.

ఎనిమిదో నెలలో దాని కాళ్ళకి నీరు పట్టింది. తలపోటంది, కళ్ళు మసకలంది. వాపుకి బార్లీ నీళ్ళు తాగించారు, తలపోటుకి శొంఠి పట్టు వేశారు. కాకినాడలో డాక్టరుకి చూపిద్దామని కొడుకు అంటే, ఎనిమిదో నెలలో చూలాలిని ఊరు దాటించకూడదంది ఆ మహాతల్లి. పోనీ ఆ పుస్తకమైనా ఇవ్వమని పిల్ల అడిగిందట. ఇవ్వలేదు. చివరికి ఫిట్స్ వచ్చాక ఊరు దాటించారు. బీపీ అంత పెరిగేదాకా ఏం చేస్తున్నారని డాక్టరు తిట్టింది. తల్లి దక్కింది, బిడ్డ దక్కలేదు. ఇవన్నీ నాకు ఆస్పత్రి వరండాలోనే తెలిశాయి.

"శుభమా అని శ్రీమంతం చేస్తుంటే జబ్బుల పుస్తకం తెచ్చారు. అప్పుడే నా మనసు కీడు శంకించిందండి," అంది అత్తగారు నలుగురిలో.

నా ఒళ్ళు మండిపోయింది. కాళ్ళ వాపు, తలపోటు, కళ్ళు మసకలు, అన్నీ ఆ పుస్తకంలో ఉన్నాయి. ఏ నెలైనా సరే వెంటనే ఆస్పత్రికి వెళ్ళమని లావు అక్షరాల్లో ఉంది. అదే ఆవిడ మొహాన కొట్టినట్టు చెబుదామని నోరు తెరిచాను. ఇంతలో లోపల్నించి పిల్ల పిలిచింది. వెళ్ళి మంచం మీద కూర్చున్నాను. అత్తగారు నా వెనకే వచ్చి గుమ్మంలో నిలబడింది.

"పిన్నీ, నాకొచ్చిందాని గురించి ఆ పుస్తకంలో ఉందా? చదివుంటే బిడ్డ బతికేదా?"

దాని మొహం చూశాను.

"లేదమ్మా. అందులో అలాంటివేం లేవు," అన్నాను.

గుమ్మంలో ఆవిడ హమ్మయ్య అనుకోవడం నాకు వినిపించింది. ఆ అబద్ధం నా చేత ఆడించినందుకు ఆవిణ్ణి నేను ఇప్పటికీ క్షమించలేదు.