కంబళితో రుద్దిన చేయి

పదో తరగతి పిల్లలకు జీవశాస్త్రం చెప్పి బతుకుతున్న దాన్ని. అయినా ఆ సాయంత్రం కంబళి పట్టుకున్నాను.

మా వాడికి రెండున్నరేళ్లు. ఆరో నెల నుంచే వీపు నిండా గోధుమరంగు మచ్చలు. పుట్టుమచ్చలే అనుకున్నాం. ఆ రోజు చంద్రగిరిలో ఎండ మండిపోయింది. పొద్దు వాలేసరికి మచ్చలన్నీ ఎర్రగా ఉబ్బాయి, పిల్లవాడు దురదతో గిలగిల్లాడుతున్నాడు. మా అత్త చూసి, "దద్దుర్లేమ్మే. కంబళి పెట్టి రుద్దితే అణిగిపోతాయి," అంది. మా ఇళ్లలో దద్దుర్లకు అదే వైద్యం. చిన్నప్పుడు నన్ను మా అమ్మా అట్లాగే రుద్దింది.

రుద్దాను. వాడు ఏడ్చాడు. ఏడ్చేకొద్దీ గట్టిగా రుద్దాను. అత్త "సాల్లేమ్మే, ఇడిసిపెట్టు," అన్నా వినలేదు. నాది మొదటినుంచీ మొండిపట్టు. మచ్చలు బొబ్బల్లా లేచాయి, ముఖం కందిపోయింది, ఉన్నట్టుండి ఏడుపు ఆగిపోయింది. తల నా భుజం మీద వాలింది. తిరుపతి ఆసుపత్రి దాకా ఆటోలో వాడి ముక్కు దగ్గర వేలు పెట్టుకునే కూర్చున్నాను. మొక్కుకోవడం కూడా గుర్తు రాలేదు.

సూదిమందుతో వాడు కళ్లు తెరిచాక డాక్టరు చెప్పాడు. మాస్ట్ కణాలు అందరి ఒంట్లోనూ ఉంటాయి, చర్మంలో, ఊపిరితిత్తుల్లో, పేగుల్లో. కావలి వాటి పని. ఏ పురుగో కుడితే తమలోని రసాయనాలు వదిలి, వాపు తెచ్చి, మిగతా కణాలను పిలుస్తాయి. మా వాడికి ఆ మచ్చల్లో అవి గుంపులుగా చేరాయి. రుద్దితే అన్నీ ఒక్కసారే వదిలేస్తాయి, రక్తపోటు పడిపోతుంది. "పెద్దయ్యేకొద్దీ చాలామందికి తగ్గిపోతుంది. అందాకా రుద్దొద్దు. ఇంతకీ ఎవరు రుద్దినారు?"

తిరుమల బస్సు నడిపే నా భర్త డ్యూటీలోంచి అప్పుడే వచ్చి నిలబడ్డాడు. అత్త ముందుకొచ్చింది.

"నేనే సామీ. తెలీక రుద్దినాను."

కాదనడానికి ఒక్క మాట చాలు. అనలేదు. నా భర్త ఆసుపత్రి వరండాలోనే తల్లిని నానా మాటలూ అన్నాడు. "ఇంక మీదట నా కొడుకును ముట్టుకోవద్దు మా," అన్నాడు. ఆమె తల దించుకుని నిలబడింది.

నెల దాటింది. చెప్పాలని రోజూ అనుకుంటాను, చెప్పను. సిగ్గుతో చచ్చిపోతున్నాను. ఇప్పుడు వాడికి స్నానం నేనే చేయిస్తున్నాను. నా చెయ్యి వీపు దాకా వెళ్లకముందే గోడకు అతుక్కుపోయి, "అమ్మ వద్దు, అవ్వ కావాల," అని ఏడుస్తాడు.

"నిన్ను రుద్దినింది ఆ అవ్వే కదరా," అంటాడు వాళ్ల నాయన తలుపు అవతల నుంచి.

వాడు ఏడుపు ఆపి నా వైపు చూస్తాడు.