మతం అనే గడి

నరసరావుపేటలో మా డిగ్రీ కాలేజీకి ఆన్‌లైన్ పాఠాల యాప్ వచ్చినప్పుడు దాన్ని చూసుకునే పని నా నెత్తిన పడింది. కంప్యూటర్ ల్యాబులో కూర్చునేది నేనొక్కదాన్నే కాబట్టి నన్ను అడిగినవాళ్ళు కూడా లేరు. వీడియోలు ఎక్కించడం, పరీక్షలు పెట్టడం, పాస్‌వర్డ్ మర్చిపోయిన పిల్లలకు కొత్తది ఇవ్వడం నా పని. పిల్లల వివరాలు బయటికి పోకుండా కాపాడడం కూడా నా పనేనని కంపెనీవాళ్ళు పంపిన కాగితంలో ఉంది. ఆ కాగితం చదివింది కాలేజీ మొత్తానికి నేనొక్కదాన్నే అనుకుంటా.

యాప్‌లో చేరాలంటే ముందు ఒక పేజీ నింపాలి. పేరు, ఫొటో, ఫోన్ నంబరు, కులం, మతం. పాఠం వినడానికి మతంతో ఏం పనో నాకిప్పటికీ అర్థం కాదు. ఆ గడి ఖాళీగా వదిలేస్తే పేజీ ముందుకు కదలదు. తీసేయమని కంపెనీకి రాశాను, కుదరదన్నారు. ప్రిన్సిపాల్ గారికి చెప్పాను. "ఉంటే ఉండనీవమ్మా, అదేమన్నా నిన్ను అన్నం పెట్టమందా?" అన్నారాయన.

నాకంత పట్టింపు ఎందుకంటే మా ఇంటి సంగతి నాకు తెలుసు. మాది ఎడ్లపాడు దగ్గర. ఆదివారం చర్చికి వెళ్తాం. పెళ్ళయినా చావైనా పాస్టరు గారే వస్తారు. సర్టిఫికెట్‌లో మాత్రం ఎస్సీ, హిందూ అని ఉంటుంది. క్రైస్తవులమని రాస్తే ఆ ఎస్సీ పోతుంది. చర్చికి వెళ్ళినంత మాత్రాన ఊళ్ళో మమ్మల్ని పిలిచే పిలుపు మారలేదు, మా ఇళ్ళు ఊరి చివర నుంచి మధ్యకీ రాలేదు. అందుకే మావైపు ఎన్నో ఇళ్ళలో ఇంట్లో ఒకటి, కాగితం మీద ఒకటి. సంతకం పెట్టే ఆఫీసరుకీ తెలుసు, ఎవరూ పైకి అనరు. నా చదువు అలాగే నడిచింది, దానికి నేనేం సిగ్గుపడను.

రొంపిచెర్ల వైపు నుంచి వచ్చే ఒక అమ్మాయి ఆ గడిలో క్రిస్టియన్ అని రాసింది. వాళ్ళ నాన్న క్వారీలో రాయి కొడతాడు, వాళ్ళ చర్చిలో సంఘపెద్ద. అప్లికేషన్లన్నీ ఇంట్లో ఆయనే దగ్గరుండి నింపించేవాడు. ఇది ఫోన్లో వచ్చింది కాబట్టి పిల్ల తనే నింపుకుంది. నీ మతమేంటని అడిగితే ఉన్నది చెప్పింది. క్రిస్మస్ నాడు చర్చి ముందు తెల్ల చీరలో దిగిన ఫొటో పెట్టుకుంది. వందల పేజీల్లో ఆ పేజీ నా కంట పడనే లేదు.

పడకూడని కళ్ళ పడింది. పిల్లల పేజీలు చూడాలంటే అడ్మిన్ ఐడీ ఉండాలి. ఆ ఐడీ నా పేరు మీద ఉంది, దాని పాస్‌వర్డ్ మాత్రం స్టాఫ్ రూములో అందరి దగ్గరా ఉంది. నేను మార్చినప్పుడల్లా కొత్తది స్టాఫ్ వాట్సాప్ గ్రూపులో పెట్టమనేవారు ప్రిన్సిపాల్. "మనలో మనకి తాళాలేందమ్మా?" అనేవారు.

ఒకరోజు ఎవరో ఆ పేజీని ప్రింటు తీసి, దొంగ ఎస్సీ సర్టిఫికెట్టు అని రాసి ఎమ్మార్వో ఆఫీసుకి పంపారు. కింద పేరు లేదు. కూతుర్ని తీసుకుని విచారణకి రమ్మని ఆ తండ్రికి కబురొచ్చింది. ఆ పిల్ల హాస్టలూ ఫీజూ ఆ సర్టిఫికెట్ మీదే నడుస్తున్నాయి. అది పోతే చదువు అక్కడితో సరి.

పిల్ల ల్యాబుకొచ్చి నా ముందు నిలబడింది.

"మేడం, మా పేజీలు ఎవరికీ కనపడవన్నారుగా. ఎవరు చూశారు నాది?"

ఎవరెప్పుడు చూశారో యాప్‌లో నమోదవుతుంది. తెరిచి చూపించాను. చూపించాక తెలిసింది ఎంత తెలివితక్కువ పని చేశానో. ప్రతి వరసలోనూ ఉన్నది నా పేరే.

"ఇన్నిసార్లు మీరే చూశారా?"

"నేను కాదమ్మా. ఆ పాస్‌వర్డు అందరికీ తెలుసు, ఎవరు చూసినా నా పేరే పడుద్ది."

నిజమే చెప్పాను. నా చెవులకే అది దొంగ మాటలా వినపడింది.

"మీరు మనోళ్ళేనని మా నాన్న చానా ధైర్యంగా ఉన్నాడు మేడం," అని వెళ్ళిపోయింది.

పాస్‌వర్డ్ సంగతి రాసివ్వమని ప్రిన్సిపాల్ దగ్గర నెత్తీ నోరూ కొట్టుకున్నాను. కాలేజీ పరువన్నారు. ఆ పరువు మీద నాకు పుట్టిన అసహ్యం ఇంకా పోలేదు. విచారణ రోజు సెలవు పెట్టి నేనే ఎమ్మార్వో ఆఫీసుకి వెళ్ళి ఆ సంగతి చెప్పాను. ఎవరు చూశారన్నది ఇక్కడ ప్రశ్న కాదమ్మా, పక్కన కూర్చోండి అన్నారు.

ఆఫీసరు కసిరే మనిషేం కాదు. మెల్లగానే అడిగాడు.

"చర్చికి పోతావా?"

ఆ తండ్రి చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"పోనండి," అన్నాడు.

"ప్రభువుని నమ్ముకున్నావా?"

"లేదండి. పిల్ల తెలవక రాసిందండి."

పక్కనే నిలబడ్డ కూతురు తండ్రి మొహం వైపు చూడలేదు. అక్కడ ఉన్నవాళ్ళకెవరికీ ఆ జవాబు అబద్ధమని తెలియక కాదు. అయినా అందరం అదే రావాలని కోరుకున్నాం, నేనూ కోరుకున్నాను. ఫైలు మూసేశారు. సర్టిఫికెట్ నిలబడింది.

తర్వాత ఆ పిల్ల క్లాసుకొస్తూనే ఉంది, నావైపు మాత్రం చూసేది కాదు. పరీక్షలయ్యాక ఒక మధ్యాహ్నం బస్టాండులో ఎదురుపడితే నాన్న ఎలా ఉన్నాడని అడిగాను.

"చర్చి మానేశాడు. ఇంట్లోనే తలుపేసుకుని ప్రార్థన చేసుకుంటాడు, బయటికి వినపడకుండా."

రొంపిచెర్ల బస్సు వచ్చింది. ఎక్కబోతూ ఆగి నా మొహంలోకి చూసింది.

"ఫోన్ బయట పెట్టే చేసుకుంటున్నాడు మేడం. అయినా అడుగుతున్నా, అది కూడా మీకు కనపడుద్దా?"

ఎగతాళికి అనలేదు. నిజంగానే అడిగింది.