పులిసిన తేటనీళ్లు

1988 వేసవి. గుంటూరు పక్కన నల్లపాడు అవతల ఒక చిన్న ప్రైవేటు పాల డైరీలో నేను కెమిస్టుని. పన్నీరు తీయగా మిగిలిన విరుగుడు నీళ్లు, క్యాన్లు కడిగిన నీళ్లు అన్నీ పక్క కాలువలోకి వదిలేవాళ్లం. ఆ కాలువ గట్టునే కోటమ్మ అనే రైతు మిరపచేను, బావి. బావి నీళ్లు కంపుకొట్టి ఆమె గేదెలు మూతి పెట్టడం మానేశాయి. ఆ గేదెల పాలు రోజూ మా డైరీకే పోసేది.

“డైరీ మూయించమనట్లేదమ్మాయ్. మూస్తే పాలెవరికి పొయ్యాల? నా బావి నాకు కావాల, అంతే” అంది కోటమ్మ.

మా మేనేజరు గారు మంచివారే, కాకపోతే తొందర మనిషి. ఎక్కడో చూసొచ్చి మెంబ్రేన్ ఫిల్టర్ తెప్పించారు. కంటికి ఆనని రంధ్రాలున్న పొర అది. పంపుతో మురుగు నీళ్లను దాని మీదికి నెడితే కొవ్వు, ప్రోటీను ఇవతలే ఆగిపోతాయి. అవతలికి వచ్చిన నీళ్లు ఎంత తేటగా ఉన్నాయంటే, నాకూ ముచ్చటేసింది. ఆయన వెంటనే కాలువలోకి వదలమన్నారు.

“వద్దండీ. పాలలో ఉండే చక్కెరను ఈ పొర ఆపలేదు. అది బావిలోకి ఇంకితే మళ్లీ కుళ్లుతుంది. ఈ నీళ్లేమవుతాయో రేపటిదాకా ఆగి చూడండి” అన్నాను.

“కంటికి కనపడని చక్కెర కోసం కొత్త మిషను ఆపమంటావా తల్లీ?” అని నవ్వారు.

నాకు ఒళ్లు మండింది. సీసా నిండా ఆ నీళ్లు పట్టి, మూత లేకుండా ఆయన బల్ల మీదే పెట్టి ఇంటికెళ్లాను. గుంటూరు ఎండల సంగతి కొత్తగా చెప్పాలా! మర్నాటికి నీళ్లు మసకబారి, గదంతా పులిసిన వాసన. పాలు పోసి అటుగా వచ్చిన కోటమ్మ కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంది.

“ఇయ్యేనా అయ్యా, నా బావిలోకి పంపే మంచినీళ్లు?”

మేనేజరు గారు ఆ రోజే మేస్త్రీని పిలిపించారు. ఫిల్టర్ వెనక ఏరేషన్ ట్యాంకు కట్టించారు. గాలి పంపే తొట్టి అది, అందులో పెరిగే సూక్ష్మజీవులు ఆ చక్కెరను తినేస్తాయి. కోటమ్మ బావి కూడా పూర్తిగా తోడించారు.

వానాకాలం వెళ్లేసరికి బావి నీళ్ల పరీక్షలన్నీ బాగా వచ్చాయి. ఆ సంతోషం పట్టలేక నేనే చేనికి పరిగెత్తి చెప్పాను. కోటమ్మ చేద వేసి, చెంబు నింపి నా చేతికిచ్చింది.

“నీ పరీక్షలు నాకేం తెలుస్తయ్యి? తాగు, చూస్తా.”

ఆ పరీక్షలన్నీ చేసింది నేనే. అయినా చెంబు ఎత్తడానికి ఒక్క క్షణం చెయ్యి రాలేదు. తాగాను. మిగిలిన నీళ్లు ఆమె గటగటా తాగేసి, గేదెల తొట్టి నింపడానికి మళ్లీ చేద వేసింది.

ఆ తర్వాత చాలా ప్లాంట్లలో పనిచేశాను. ఎక్కడైనా సరే, నీళ్లు బాగున్నాయని రాసే ముందు దగ్గర్లోని బావికి వెళ్లి ఒక గుక్క తాగుతాను. తాగడానికి మనసొప్పకపోతే రాయను.