కోళ్ళు తిన్న చేప కొవ్వు

ఆఫీసులో ఆవిడని అందరూ కొవ్వు మేడం అంటారు. చాటుగా కాదు, ఎదురుగానే. ఆవిడా పలుకుతుంది. చూస్తే ఊదితే ఎగిరిపోయే మనిషి. ఇక పొగరంటారా, బంట్రోతుని మంచినీళ్ళు అడగడానికి కూడా నీళ్ళు నమిలే రకం. చేసే పనిని బట్టి వచ్చిన పేరు అది. దేశంలో ఒక్కో మనిషికి రోజూ చేపల నుంచి ఎంత కొవ్వు అందుతోందో లెక్క కట్టడం ఆవిడ ఉద్యోగం. ఇంట్లో మాత్రం లెక్కల ఆఫీసులో పని అని చెప్పి ఊరుకునేది. కొవ్వు లెక్క అంటే ఆడపడుచు నవ్వి చంపుతుందని భయం.

లెక్క వినడానికి తేలికే. రేవుల్లో ఏడాదంతా దిగిన చేపకి పై దేశాల నుంచి వచ్చింది కలపాలి. పై దేశాలకి పోయింది, దాణా మిల్లులకి పోయింది తీసేయాలి. మిగిలింది జనం తిన్నట్టు. అందులో కొవ్వెంతో చూసి జనాభాతో భాగిస్తే, చివరికి తేలేది గ్రాములో చిన్న ముక్క. ఆ ముక్క కోసం ఆవిడ కిటికీ లేని గదిలో, కిర్రుమనే ఫ్యాను కింద సగం జీవితం గడిపింది.

కొన్నాళ్ళుగా ఆ ముక్క ఏటేటా పెరుగుతూ వచ్చింది. గ్రాఫులో గీత పైపైకి పోయింది. పెద్దసారు మురిసిపోయి దాన్ని పెద్దగా అచ్చు వేయించి, గుమ్మం ఎదుట గోడకి తగిలించారు. వచ్చినవాళ్ళకల్లా "అంతా మన మేడం చలవ" అని చూపించేవారు, వలేసి చేపల్ని ఆవిడే పట్టుకొచ్చినట్టు. ఆవిడ పైకి మొహమాటపడేది గానీ లోపల ఉబ్బిపోయేది. రోజూ లోపలికి వస్తూ ఓసారి దాని వంక చూసుకునేది.

ఒక సాయంత్రం ఆడపడుచు వస్తూనే చెప్పులు మూలకి విసిరేసింది. ఆరోగ్య కేంద్రంలో నర్సు ఆమె. గర్భిణులకి నెలనెలా ఊరికే ఇచ్చే చేప డబ్బాలు ఆపేశారట.

"కొవ్వున్న చేప వదినా. కడుపులో బిడ్డకి మంచిదని మేమే ఊదరగొట్టాం. ఇప్పుడు లేవు పొండని ఏ మొహం పెట్టుకుని చెప్పను?"

"ఎందుకాపారు?"

"జనానికి చేప కొవ్వు బాగానే అందుతోందట. అంకెలు చెబుతున్నాయట. ఆ అంకెలు రాసినవాళ్ళెవరో ఒక్కసారి మా వరండాలోకి వచ్చి ఆ కడుపుతో ఉన్న పిల్లల మొహాలు చూడమను."

ఆ అంకెలు తనవేనని ఆవిడకి తెలిసిపోయింది. అయినా లెక్క మీద నమ్మకం. "ఊరికే రాస్తారా, ఉండే ఉంటుందిలే" అంది.

"అంత ఉంటే నువ్వే రేవుకి వెళ్ళి కాస్త పట్టుకురా. మా వాళ్ళకి పంచుతాను."

ఎత్తిపొడుపుకే అంది. ఆవిడ మాత్రం పంతం కొద్దీ సెలవు రోజున సంచీ పట్టుకుని రేవుకి వెళ్ళింది. ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఆవిడ రేవుకి వెళ్ళడం అదే మొదలు. పడవల్లోంచి కవళ్ళు దిగుతున్నాయి. చిన్న చేపలు, ఆవిడ లెక్కల్లో కొవ్వు చాలామటుకు వీటిదే. గుట్టలు గుట్టలుగా ఉన్నాయి. ఆవిడకి ప్రాణం లేచొచ్చింది. ఆవిడ సంచీ విప్పేలోగానే పారలతో ఎత్తి లారీల్లో పోసేశారు. లారీ తలుపు మీద కోడి బొమ్మ ఉంది.

ఖాళీ బుట్ట ముందు కూర్చున్న చేపలామెని అడిగింది. "కవళ్ళు అమ్మరా?"

"మా దాకా ఎక్కడొస్తాయమ్మా. కొత్త మిల్లు వచ్చాక పడవలన్నీ ముందే మాట్లాడేసుకుంటున్నారు. కోళ్ళ దాణాకి. నేను వాటిని తిని ఎన్నేళ్ళయిందో."

ఆవిడకి అప్పుడు వెలిగింది. దాణాకి పోయిన చేప ఎంతో ఏటా మిల్లులు రాసి పంపాలి. పంపకపోతే పోయినేడాది అంకెనే దించేయడం ఆ ఆఫీసులో అలవాటు. ఆవిడకి ముందున్నాయన అలాగే నేర్పాడు. కొత్త మిల్లు ఒక్కసారీ జవాబివ్వలేదు, ఆవిడ ఒక్కసారీ ఫోను చేయలేదు. దాణా అంకె ఉన్నచోటే ఉండిపోయింది. రేవులో చేప పెరిగింది. పెరిగిందంతా తీసుకెళ్ళి ఆవిడ జనం నోట్లో పెట్టేసింది.

మర్నాడు పెద్దసారుకి ఉన్నదంతా చెప్పింది. ఆయన లేచి తలుపు వేశారు.

"గీత ఒక్కసారిగా పడిపోతే నన్నూ అడుగుతారు, నిన్నూ అడుగుతారు. ఏటా కాస్త కాస్త తగ్గించుకుంటూ పోదాం. ఎవరికీ తెలీదు."

"అలాగే సార్" అంది.

తప్పు చేసినందుకు సిగ్గుపడటం ఒకటి. ఆ 'అలాగే' అన్నాక పట్టుకున్న సిగ్గు వేరు. అది ఇంటిదాకా వెంట వచ్చింది. ఆడపడుచు ఎదురుపడితే వంటింట్లోకి తప్పుకునేది. గోడ మీది గ్రాఫు కంటపడకుండా వెనక మెట్ల మీంచి ఆఫీసుకి వెళ్ళేది.

ఇంతలో ఓరోజు ఆడపడుచు కళ్ళజోడు ఇంట్లో మరిచిపోయింది. ఇచ్చి రాక తప్పలేదు. ఆరోగ్య కేంద్రం వరండాలో బల్లల నిండా గర్భిణులు.

"మా వదిన. లెక్కల ఆఫీసులో పెద్ద పోస్టు. మన డబ్బాల సంగతి పైవాళ్ళ చెవిన వేయమని అడగండి" అంది ఆడపడుచు, కాస్త గొప్పగానే.

చివర కూర్చున్న అమ్మాయికి నెలలు నిండవస్తున్నాయి. "మీరు చెబితే వస్తాయామ్మా?" అని అడిగింది.

చూస్తానమ్మా అంటే సరిపోయేది. ఆఫీసుల్లో పనిచేసేవాళ్ళందరం అనే మాటే. అది ఆవిడ నోరు దాటి రాలేదు.

"నేను చెప్పబట్టే ఆగిపోయాయి. కోళ్ళు తిన్నదంతా మీరు తిన్నారని రాశాను."

ఆడపడుచు కళ్ళజోడు పెట్టుకుని ఆవిడని ఎగాదిగా చూసింది. నాలుగు తిట్టినా బాగుండును. తిట్టలేదు. ఆ అమ్మాయికి ఏం అర్థమైందో ఏమో, కాస్త పక్కకి జరిగింది.

"నిలబడే ఉన్నారు. కూర్చోండమ్మా."

ఆవిడ కూర్చోలేకపోయింది. తల కొట్టేసినట్టయి, అటునుంచి అటే ఆఫీసుకి వచ్చింది. గీతని ఎంత పడాలో అంతా పడనిచ్చి, కింద కారణం రాసి, రాసింది తానేనని పేరు పెట్టి, పెద్దసారు వారిస్తున్నా పై ఆఫీసుకి పంపేసింది. పెద్దసారు గోడ మీది పటం తీయించేశారు. ఆవిడతో మాట్లాడటం తగ్గించారు. మిగతావాళ్ళు కూడా కొవ్వు మేడం అనడం మానేసి, ఉత్త మేడం అంటున్నారు.

కొన్నాళ్ళకి జవాబు వచ్చింది. సవరణ అందిందట. డబ్బాల సంగతి వచ్చే బడ్జెట్లో చూస్తారట.

అది చెబుదామని ఆడపడుచు గదిలోకి వెళ్ళింది. ఆమె యూనిఫాం మడతపెడుతూ, తల తిప్పకుండానే అంది.

"ఆ రోజు నీకు చోటిచ్చిన అమ్మాయి కనింది వదినా. ఆడపిల్ల."

"ఇద్దరూ బాగున్నారా?"

"బాగానే ఉన్నారు. బిడ్డ కాస్త బరువు తక్కువ. పాలిచ్చేవాళ్ళకి కూడా ఇచ్చేవారు కదా, డబ్బాలు వచ్చాయా అని అడిగింది."

"ఏం చెప్పావు?"

"నువ్వే వచ్చి చెబుతావన్నాను."