కారు పెట్టే చోట నులక మంచం

మా ఎదురు ఫ్లాట్ అబ్బాయి ఆసుపత్రిలో తెల్లవారుజామున పోయాడు. వాళ్ళ తలుపుకున్న తాళం చూస్తూ కూర్చున్న నాకు ఆ సంగతి అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపు చెప్పింది. పైన నీళ్ళ ట్యాంకర్ ఆలస్యమన్న కబురు, కింద లిఫ్టు పనిచేయదన్న కబురు, మధ్యలో అతను. చేతులు జోడించిన బొమ్మలు వరసగా వచ్చిపడ్డాయి. మొదటిది మా సెక్రటరీది. పార్కింగులో నులక పీచు రాలుతోందని అతని మీద ఫిర్యాదు చేసిందీ ఆయనే.

అబ్బాయి అంటున్నాను గానీ యాభైకి దగ్గరపడినవాడు, అనంతపురం వైపు మనిషి. నార్సింగిలో అందరూ నన్ను ఆంటీ అంటుంటే అతను "పెద్దమ్మా" అన్నాడు, ఆ వెంటనే "నువ్వు" అన్నాడు. అండీల మధ్య పెరిగి, ముప్పై ఏళ్ళు కాలేజీలో పాఠాలు చెప్పిన ప్రాణం కాస్త ఉలిక్కిపడింది. తర్వాత అలవాటైంది.

గచ్చిబౌలిలో పెద్ద ఉద్యోగం. చెవుల్లో ఏవో పెట్టుకుని లిఫ్టులో ఒంటరిగా ఇంగ్లీషులో పోట్లాడుతుండేవాడు. అంతలో రక్తంలో కాన్సర్ అన్నారు. ఏడాది పాటు మందులు ఎక్కించారు. ఊడిన జుట్టు మళ్ళీ పసిపిల్లాడి జుట్టులా మొలిచింది. ఆఫీసువాళ్ళు రమ్మన్నారు. వెళ్ళలేదు. కారు అమ్మేసి, ఖాళీ అయిన పార్కింగు చోటులో నులక కట్టలు దింపాడు.

వాచ్‌మన్ రొప్పుతూ నా దగ్గరికి వచ్చాడు. "గిదేందమ్మా? సారు కారు అమ్ముకుండు, ఇగ మంచాలు అల్లుతడంట. జర మీరన్న చెప్పుండ్రి."

దిగి వెళ్ళాను. పసుపు గీతల మధ్య, మంచం పట్టెకు కాలు ఆనించి తాడు లాగుతున్నాడు.

"కంప్యూటర్లు అయిపోయాయా నాయనా?" అన్నాను.

"చిన్నప్పుడు మా తాత దగ్గర నేర్చుకున్నా పెద్దమ్మా. ఆస్పత్రిలో పండుకోని పైకప్పు చూస్తాంటే నా చేతులు ఇదే అల్లుతాండె. ఆఫీసు పని ఒక్కటీ గుర్తు రాలే."

ఇంతలో సెక్రటరీ వచ్చాడు. "పార్కింగు ఉన్నది బండ్లకండీ."

"కారుకు నాలుగు చక్రాలు, మంచానికి నాలుగు కోళ్ళు సార్. పొగ గూడా రాదు."

సెక్రటరీ నావైపు చూశాడు. నేను పైకప్పు వైపు చూశాను.

అతని భార్యకు మాత్రం నవ్వు రాలేదు. "ఉద్యోగం ఉంటేనే బీమా పెద్దమ్మా. జబ్బు తిరగబడితే ఏం జెయ్యాల? నువ్వు చెప్తే వింటాడు" అంది. సరేనని వెళ్ళినదాన్ని, నాకూ ఒక మంచం కావాలని చెప్పి వచ్చాను. ఎలా జరిగిందో ఇప్పటికీ అర్థం కాదు. నేను నోరు తెరిచేలోపే నా ఎత్తు కొలిచి, "కుడిపక్క తిరిగి పండుకుంటావా, ఎడమపక్కనా?" అని అడిగాడు. డెబ్బై నాలుగేళ్ళలో ఆ ప్రశ్న నన్నెవరూ అడగలేదు. మావారితో సహా.

మంచాలు మెల్లగా అమ్ముడుపోయాయి. విల్లాలవాళ్ళు ఎక్కువగా కొన్నారు, పడుకోవడానికి కాదు, ఫొటోలకి. అతనికది పట్టేది కాదు. బైక్ ట్యాక్సీ ఎక్కి వెళ్ళి, అమ్మిన ప్రతి మంచాన్నీ మళ్ళీ బిగించి వచ్చేవాడు. "కొత్త నులక జారతాది. అది తప్పు గాదు. మనిషి బరువు తెలుసుకుంటాంది" అనేవాడు. నా మంచం బిగించినప్పుడల్లా కాళ్ళవైపు తాడు కొస ఇంకాస్త పొడుగయ్యేది. వేలాడుతోంది, కత్తిరించమన్నాను. "తోక ఉండనీ పెద్దమ్మా. యాడన్నా తెగితే అతకను పనికొస్తాది."

జబ్బు తిరగబడింది. బీమా లేదు. వైద్యానికి ఊళ్ళో ఉన్న కాస్త చేనూ పోయింది.

చివరిసారి నా మంచం బిగించడానికి వచ్చినప్పుడు బాల్కనీలో నేలమీద కూర్చుండిపోయాడు. "నువ్వు లాగు. నేను ముడేస్తా" అన్నాడు. ఈ వయసులో పట్టెకు కాలు ఆనించి లాగాను.

"కాలేజీలో ఏం చెప్పేదానివి?"

"చరిత్ర."

"అదీ సంగతి. అందుకే అంత నిదానం."

కర్మకాండ అయిన తర్వాత అతని భార్య వచ్చి ఆ మంచం మీదే కూర్చుంది. "ఆపాల్సింటిమేమో పెద్దమ్మా. నువ్వన్నా, నేనన్నా" అంది. ఆఫీసుకి వెళ్ళినా జబ్బు వచ్చేదేనని డాక్టర్లు అన్నారు. నిజమే కావచ్చు. కానీ చేను మిగిలేది. మరి పార్కింగులో ఈలవేసుకుంటూ తాడు లాగిన ఆ మనిషి? అతన్ని ఏ పక్కన పెట్టి తూచాలి? కారణాలు, ఫలితాలు అంటూ ముప్పై ఏళ్ళు బోర్డు మీద రాసిన చెయ్యి ఇది. ఒక్క మనిషి విషయంలో తేల్చుకోలేకపోతున్నాను. ఆమెకు కాఫీ ఇచ్చాను. చేతనైంది అదే.

"నులక జారింది" అంది ఆమె, నడుం కింద తడుముకుంటూ. లేచి పట్టెకు కాలు ఆనించింది. నేను తాడు అందుకున్నాను. బిగించాలంటే ముందు ముడి విప్పాలి. అది అతను చివరిసారి వేసిన ముడి. ఆమె దానిమీద చెయ్యి వేసింది. నావైపు చూసింది. నేను తాడు పట్టుకునే నిలబడ్డాను. ఆమె చెయ్యి తీసేసి, ఎడమపక్కకు తిరిగి ఆ పల్లంలోనే పడుకుంది.

బాల్కనీలో మంచం ఇప్పటికీ అలాగే ఉంది. ఔటర్ రింగ్ రోడ్డు మీదుగా వచ్చే గాలికి, కాళ్ళవైపు ఆ తోక నేలను రాసుకుంటూ అటూ ఇటూ కదులుతోంది.