నాంచారమ్మ కాళ్లు

కర్పూరం వేసి కాచిన కొబ్బరినూనె వాసన ఎక్కడ తగిలినా నాకు ఎస్తేరమ్మగారు గుర్తొస్తారు. డెబ్బైల్లో ఆవిడ బెజవాడలో ఇంటింటికీ వెళ్లి, పక్షవాతంతో మంచాన పడ్డవాళ్ల చేత కాళ్లూ చేతులూ కదిలించే వ్యాయామాలు చేయించేవారు. నేను ఆవిడకు సహాయకురాలిని. నూనె వెచ్చబెట్టడం, రోగిని రెండోవైపు నుంచి పట్టుకోవడం నా పని. రోగి ఏం చెప్పినా "అదేం లేదులే" అనడం ఆవిడ నోట నేను వినలేదు.

ఉప్పెన తర్వాతి వేసవిలో కృష్ణలంకలో ఒకరింటికి వెళ్లాం. నాంచారమ్మ దివిసీమ నుంచి వచ్చి అన్నగారింట్లో ఉంటోంది. ఎముక విరగలేదు, నరం దెబ్బతినలేదు అన్నారు డాక్టర్లు. అయినా మంచం దిగడం లేదు.

"కాళ్లెందుకు లేవడం లేదమ్మా?" అని అడిగారు ఎస్తేరమ్మగారు.

"బుజ్జి పట్టుకునుందండి" అంది నాంచారమ్మ, మామూలుగా.

వాళ్ల వదిన నన్ను పక్కకి పిలిచి గొంతు తగ్గించింది. "కూతురండి. నీళ్లొచ్చినప్పుడు ఈవిడ చెట్టు పట్టుకుంటే, పిల్ల ఈవిడ కాళ్లు పట్టుకుందంట. తెల్లారేసరికి పిల్ల లేదు."

కాలు మడుద్దామని నేను మడమల దగ్గర పట్టుకున్నాను. అంత ఎండలోనూ చల్లగా ఉన్నాయి. కింద నుంచి ఎవరో లాగుతున్నంత బరువు. వదిలేసి చూసుకుంటే నా అరచేతులు తడిశాయి. అప్పటికి నూనె ఇంకా రాయనేలేదు.

ఎస్తేరమ్మగారు ఆ రోజే కాదు, తర్వాత చాలా రోజులు కూడా వ్యాయామం మాటెత్తలేదు. వెళ్లినప్పుడల్లా మంచం పక్కన కూర్చుని బుజ్జి ఏం తినేది, దేనికి అలిగేది అని అడిగేవారు. ఒక మధ్యాహ్నం నేల మీద కూర్చుని, నాంచారమ్మ పాదాల దగ్గర ఖాళీలోకి చెయ్యి చాచారు.

"బుజ్జీ, అమ్మకి కాళ్లు నొప్పెడుతున్నాయే. కాసేపు నా చెయ్యి పట్టుకో తల్లీ."

నాంచారమ్మ కుడి మడమ పక్క మీద జరిగింది. ఆ వెంటనే ఆమె కేక పెట్టింది. "వద్దండీ! తీసుకెళ్లొద్దు!"

"ఎక్కడికీ తీసుకెళ్లను. నువ్వే నడిచి రా."

ఎస్తేరమ్మగారు ఆ చాచిన చేతిని చిన్నపిల్ల ఎత్తులోనే ఉంచుకుని, గుమ్మం దాకా వెనక్కి నడిచారు. నాంచారమ్మ మంచం దిగింది. ఒక చెయ్యి గోడకీ, ఒక చెయ్యి నా భుజానికీ ఆనించి నడిచింది. గుమ్మం దగ్గర ఆ చేతిని అందుకుని, చుట్టూ తడుముకుని, కూలబడి ఏడ్చింది. ఉప్పెన తర్వాత ఆమె ఏడవడం అదే మొదలని వదిన చెప్పింది.

రిక్షాలో అడిగాను. "నిజంగా ఉందంటారా అండి?"

ఎస్తేరమ్మగారు తన కుడిచెయ్యి నా చేతిలో పెట్టారు. మంచులా ఉంది.

ఎండలు తగ్గాక నాంచారమ్మ తనంతట తనే బస్సెక్కి ఊరెళ్లింది. ఎస్తేరమ్మగారు పోయి చాలా ఏళ్లయింది. ఇప్పటికీ కదలని కాలు పట్టుకునేముందు నేను ఒక్క క్షణం ఆగుతాను. నాకంటే ముందు అక్కడ ఎవరి చేతులైనా ఉన్నాయేమోనని.